మూడో ప్రాణం

“పిల్లని పిలువు విల్మట్. బతికుందో లేదో చూడాలి.”

గడప దాటకుండానే అన్నాడు దొరగారి దివాను జెర్విస్. ఒకరింటికి వచ్చి అనాల్సిన మాటేనా అది! కానీ అతను వచ్చిందే అందుకు. ఇంగ్లండులోని డెవన్ బీడు మీద నుంచి దిగిన మార్చి పొగమంచు ఇంటి చూరు దాకా వచ్చి ఆగింది. వాకిట్లో కట్టేసిన అతని గుర్రం కూడా సరిగ్గా కనిపించడం లేదు.

విల్మట్ మొగుడు ఆంబ్రోస్ ఈ పొలాన్ని మూడు ప్రాణాల కౌలుకు తీసుకున్నాడు. పత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు. వాళ్ళలో ఒక్కరు ఊపిరితో ఉన్నా భూమి ఆ ఇంటిదే. ఆఖరివాళ్ళు కన్ను మూసిన రోజు దొరదైపోతుంది. ఆంబ్రోస్ తన తండ్రి పేరు, తన పేరు, కూతురు థామసిన్ పేరు రాయించాడు. మరి నా పేరో అని పెళ్ళాం మూతి ముడిస్తే, “నీకంటే అది ఎక్కువ కాలం బతుకుతుందే పిచ్చిదానా” అని నవ్వాడు. ఆ వేసవిలోనే ఊళ్ళు తుడిచిపెట్టే చెమట జ్వరం వచ్చింది. ముసలాయన ముందు పోయాడు, వారం తిరక్కుండా ఆంబ్రోస్ పోయాడు. పోయే ముందు పెళ్ళాం చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాడు.

“ఆ పేరు ఈ ఇంట్లో చావకూడదు.”

థామసిన్ పొయ్యి దగ్గర కూర్చుని బార్లీ రొట్టె తింటోంది. పక్కనున్న ఖాళీ పీట మీద ఇంకో ముక్క పెట్టి ఉంది.

“ఇటు రా అమ్మాయ్. నీ పేరేంటి?” అన్నాడు జెర్విస్.

“థామసిన్.”

“ఎన్నేళ్ళు?”

“పదకొండు.”

జెర్విస్ పిల్లని ఎగాదిగా చూశాడు. “పదకొండా! ఏడేళ్ళ పిల్లలా ఉందే?”

“గంజినీళ్ళు తాగే పిల్ల దొరగారి కుక్కల్లా బలుస్తుందా అయ్యా?” అంది విల్మట్.

“నీ నోటికేం తక్కువ లేదు. ఏడేళ్ళ కిందట నేనొచ్చినప్పుడు నువ్వూ బొద్దుగా ఉండేదానివి. ఇప్పుడు చీపురుపుల్లలా తయారయ్యావు.”

“మొగుడు పోయాక ఒళ్ళెక్కడ నిలుస్తుంది?”

“సరే, ఆ పీట మీద రొట్టె ఎవరికి?”

విల్మట్ గబుక్కున ఆ ముక్క తీసి పళ్ళెంలో వేసింది. “ఒంటికాయ పిల్ల. చుట్టుపక్కల ఆడుకోవడానికి ఎవరున్నారు? దానికదే ఏదో మాట్లాడుకుంటూ ఉంటుంది.”

“ఊళ్ళో ఇంకో మాట వింటున్నాను. ఆ వేసవిలో ఈ ఇంట్లోంచి లేచినవి రెండు శవాలు కాదు, మూడట.”

“లోకులు పలుగాకులు. పాదిరిగారి చావుల పుస్తకం చూసుకోండి.”

“పాదిరీ ఆ నెలలోనే పోయాడు. పుస్తకం తెరిచినవాడెవడు? చూడు విల్మట్, దొరగారు ఈ నేలలో గొర్రెలు తోలాలనుకుంటున్నారు. ఇది ఆ పిల్ల కాదని తేలిందా, సాయంత్రానికి పొయ్యి ఆర్పేసి బయటికి నడవాల్సిందే.”

నాలుగు గొర్రెల కోసం మనుషుల్ని బీడు మీదికి తోలేస్తారట. ఏం కాలం! విల్మట్ గోడ పట్టుకుని నిలబడింది.

జెర్విస్ పిల్ల ముందు వంగాడు. “ఏడేళ్ళ కిందట నేనొచ్చిన రోజు తోటలో నువ్వూ నేనూ తప్ప ఎవరూ లేరు. నా కోటు బొత్తాం ఊడింది. అది నీకు కావాలని ఏడ్చి తీసుకున్నావు. నా ఎదురుగానే దాచిపెట్టావు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకున్నావు. నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఎక్కడ దాచావు?”

బొత్తామా? ఏ బొత్తాం? విల్మట్ పిల్లకి అడ్డం వచ్చి, “నాలుగేళ్ళ వయసప్పటి ముచ్చట దానికేం గుర్తుంటుందయ్యా!” అంది.

“నువ్వు మాట్లాడకు.”

థామసిన్ తల కొంచెం పక్కకి వాల్చి ఖాళీ పీట వైపు చూసింది. తర్వాత లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా తోటలోకి నడిచింది. మంచులో పిల్ల వీపు ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి మాయమవుతోంది. వెనకాల ఇద్దరూ పరుగులాంటి నడకతో వెళ్ళారు.

తోట చివర గడ్డితో అల్లిన తేనెటీగల బుట్టలు వరసగా ఉన్నాయి. మొదటిదాని దగ్గర ఆగింది. రెండోదాని దగ్గర ఆగి, “ఇది కాదా?” అని గొణిగింది. మూడోదాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. బుట్ట కిందున్న రాతి పలకను పక్కకి జరిపి, వేళ్ళతో మట్టి తవ్వింది. ఈగలు చేతి మీద పాకాయి కానీ ఒక్కటీ కుట్టలేదు. చిలుము పట్టిన ఇత్తడి బొత్తాం ఒకటి తీసి దివాను చేతిలో పెట్టింది. దాని మీద వేటకుక్క తల ఉంది.

జెర్విస్ తన కోటు వంక చూసుకున్నాడు. ఐదు బొత్తాల మీద వేటకుక్క తలలు. ఆరోది మామూలు కొమ్ము బొత్తాం.

“అదే,” అన్నాడు. గొంతులో నిరాశ దాగలేదు. “దొరగారికి చెప్తాను. థామసిన్ బతికే ఉంది.”

గుర్రం అడుగుల చప్పుడు మంచులో కలిసిపోయేదాకా విల్మట్ కదలలేదు. తర్వాత కూలబడి, పిల్ల భుజాలు పట్టుకుంది. ఆనందమో భయమో తెలియని ఏడుపు తన్నుకొచ్చింది.

“నీకెన్నో నేర్పానే తల్లీ. నీది కాని పేరు నేర్పాను, వయసు నేర్పాను. మీ నాన్న ఎలా ఉండేవాడో నేర్పాను. ఈ బొత్తాం సంగతి నాకే తెలీదే! నీకెవరు చెప్పారు?”

పిల్ల రాతి పలకను జాగ్రత్తగా మళ్ళీ దాని చోట పెట్టింది.

“అక్క చెప్పింది.”