ఏం బరువు?

కరెంటు పోయింది. లిఫ్టు కింది అంతస్తులోనే నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

అప్పీళ్ల అధికారిణి చేతిలో ఫైళ్ల మూటతో మెట్ల వైపు చూసి నిట్టూర్చింది. గాయపడి ఇంటికొచ్చిన సైనికుల అర్జీలు కింది ఆఫీసులో కొట్టేస్తే, చివరగా వినేది ఆమే. ఒకసారి సంతకం పెట్టాక ఆ తీర్పును తిరగదోడే అధికారం ఆమెకు కూడా లేదు.

"ఇటివ్వు తల్లీ."

తల నెరిసిన పెద్దాయన ఒకరు. ఆమె వద్దనేలోపే మూట భుజానికెత్తుకున్నాడు. మూడంతస్తులూ ఎక్కాడు. మధ్యలో ఆయాసపడి ఆగింది ఆమే.

"మీకు శ్రమ ఇచ్చాను."

"శ్రమేముందమ్మా. ఎవరి చేతిలోనైనా మూట కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పాడు అలవాటు."

ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారా అనుకుంది. ఆ గౌరవం మధ్యాహ్నం దాకా నిలిచింది.

కరెంటొచ్చాక విచారణ మొదలైంది. మొదట లోపలికొచ్చింది ఒంటికాలి మనిషి, చంకల్లో కర్రలు. యుద్ధంలో కొండ మీద కాలు పోయింది. పాత పెట్టుడు కాలు విరిగితే, కొత్తది ఇవ్వడం కుదరదని కింది ఆఫీసులో అన్నారట.

"అంత దెబ్బతో కొండ ఎలా దిగారు?" అని అడిగింది.

"నేను దిగలేదమ్మా. దించారు."

ఆమె వెంటనే కలం అందుకుంది. అక్కడికక్కడే మంజూరు చేసింది. తన మనసు వెన్న అని తనకే ముచ్చటేసింది కూడా.

మధ్యాహ్నం బంట్రోతు ఇంకొకరిని పిలిచాడు. పొద్దుటి పెద్దాయనే. లోపల ఉక్కగా ఉందని తలుపు తీసే ఉంచారు.

ఆమె ఫైలు చూసింది. డ్యూటీలో బరువు మోస్తూ వెన్ను దెబ్బతింది. డ్యూటీలో తగిలిన దెబ్బేనని ఆమె ఒప్పుకుంటే మిలిటరీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు. చేయకపోతే కాళ్లు పడిపోతాయని డాక్టరు రాశాడు.

డాక్టర్లకేం, రాయమంటే రాస్తారు. మూటతో మూడంతస్తులెక్కిన మనిషికి కాళ్లు పడిపోవడమా? ఆమెకు ఒళ్లు మండింది. తన కళ్లతో చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మోసపోయేదే.

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నానమ్మా."

సైన్యంలో పనిచేసినవాళ్లు ప్రాణం మీదికొచ్చినా ఆ మాటే అంటారు. ఆ సంగతి తెలిసి ఉండాల్సిన ఉద్యోగమే ఆమెది. అయినా రాసుకుంది, బాగానే ఉన్నానని తానే ఒప్పుకున్నాడని.

"ఆ రోజు ఏం బరువు మోశారు?"

పెద్దాయన తెరిచిన తలుపు వైపు చూశాడు.

"ఏదో బరువేనమ్మా."

"ఏదో అంటే? తూటాల పెట్టెలా, సరుకుల బస్తాలా?"

"అప్పుడు బరువనిపించలేదు తల్లీ." గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది ఈయన వరస, అనుకుంది.

"ఇదే ఆఖరి అవకాశం. ఏం బరువో చెప్పండి."

ఆయన మళ్లీ తలుపు వైపే చూశాడు. చెప్పలేదు.

ఆమె తీర్పు చదివింది. "మోసిన బరువేమిటో అర్జీదారు చెప్పలేకపోయాడు. పైగా ఈ ఉదయమే ఆయన బరువుతో మూడంతస్తులు ఎక్కడం అధికారిణి స్వయంగా చూశారు. అర్జీ కొట్టివేయడమైనది."

సంతకం పెట్టింది.

తన మంచితనమే తన మీద సాక్ష్యం చెప్తుంటే పెద్దాయన చేతులు కట్టుకుని విన్నాడు.

"సాయంత్రం ఆ మూట దింపడానికి ఎవరైనా ఉన్నారా తల్లీ?"

ఎత్తిపొడుపనుకుంది. "మీరు వెళ్లొచ్చు" అంది.

అప్పుడే గుమ్మంలో కర్రల చప్పుడైంది. పొద్దుటి ఒంటికాలి మనిషి, రొప్పుతూ.

"అమ్మా, ఒక్క మాట..."

"మీది అయిపోయిందిగా. ఇంక వెళ్లండి."

బంట్రోతు తలుపేశాడు.

సాయంత్రం ఆమె లిఫ్టులో దిగింది. కింద బల్ల మీద పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు, పెదవులు పాలిపోయాయి. పక్కన ఒంటికాలి మనిషి కూర్చుని ఆయన చొక్కా బొత్తాలు వదులు చేస్తున్నాడు.

"ఏమైంది?"

"బరువెత్తితే ఇంతేనమ్మా, ఇంక కదల్లేడు. పొద్దున నేను రాకముందు ఎవరిదో మూట మోశాడట. అడిగితే బాగానే ఉన్నానంటాడు. బండి కోసం మనిషిని పంపాను."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న ఫైళ్ల మూటను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఆయన ఏం బరువు మోశారో చెప్పి ఉంటే..." అంది ఆమె. "ఎన్నిసార్లడిగినా ఎందుకు చెప్పలేదు?"

"నేను బయట తలుపు పక్కనే కూర్చున్నాను కదమ్మా. నా చెవిన పడుతుందని. ఇన్నేళ్లూ నాతో, స్నానాల గదిలో జారి పడ్డాను తమ్ముడూ అనే చెప్పాడు. ఇవాళ మీరు ఏం బరువని అడిగితే అన్న మాట దాటేశాడు చూడండి, అప్పుడు తెలిసింది నాకు. ఈ కర్రలతో లేచి వచ్చేసరికి మీరు సంతకం పెట్టేశారు."

"ఏం తెలిసింది?"

అతను పెద్దాయన వింటున్నాడేమోనని ఒకసారి వంగి చూశాడు.

"నా కాలు పోయిన రోజు, పొద్దుగూకేదాకా నన్ను వీపున వేసుకుని కొండ దిగాడు" అన్నాడు మెల్లగా. "ఆ బరువు నేనేనమ్మా."