అద్దాలతొట్టిలో గంగమ్మ

సముద్రం కాగిపోయాక, అందులో బతికి మిగిలిన జీవాలను అద్దాలతొట్లలో పెట్టి జాలరిపేటలో ఇంటికొకటి చొప్పున పంచారు. ఇక సముద్రమంటే ఆ అద్దాలతొట్లే. నూకరత్నం వంతుకు ఎనిమోన్ వచ్చింది. రాతిమీద పువ్వులా విచ్చుకునే ఆ జీవికి ఆమె రోజూ ఉప్పునీళ్లు మార్చి, రొయ్యముక్క పెట్టేది. అది వేలు పట్టుకుంటే చంటిబిడ్డ పట్టుకున్నట్టే మురిసిపోయేది.

గంగమ్మ పండగనాడు ఆమె పని నుంచి వచ్చేసరికి తొట్టిలో నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ఎనిమోన్ ముడుచుకుపోయి, రాయి వదిలేసి తేలుతోంది.

"పసుపేసినావేటత్తా?"

"ఏటేటా సముద్రంలో ఏసీదాన్నే గదే! బుట్టెడేసినా ఆ తల్లి ఏటీ అన్లేదు," అంది అత్త పోలమ్మ.

నూకరత్నం నీళ్లలో చేయి పెట్టింది. వేలిని ఏదీ పట్టుకోలేదు.

కోడలి ముఖం చూశాక గానీ పోలమ్మకు అర్థం కాలేదు. తొట్టి అద్దాన్ని తడిమింది.

"సిటికెడు పసుపుకే సచ్చిపోయేటంత సిన్నదైపోనాదేటే, మన సముద్రం?"