టేపు చివరి కేక

"ప్లగ్గు పీకిందెవరు?"

లివియో అరుపుకి బార్‌లో గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. పాట సరిగ్గా పతాకస్థాయికి చేరబోతూ తెగిపోయింది. స్పీకర్ల పక్కన, గోడ దగ్గర, వానకోటు వేసుకున్న ఓ పెద్దావిడ నిలబడి ఉంది. ప్లగ్గు ఆవిడ చేతిలోనే ఉంది.

"నేనే," అందావిడ. "ఇక్కడిదాకా చాలు బాబూ. ఆ చివర మాత్రం వెయ్యకు."

లివియోకి ఒళ్ళు మండిపోయింది.

క్రొయేషియాలో, రియెకా రేవు వెనక సందులో దామిర్ నడిపే ఆ బార్‌లో ఆదివారం మధ్యాహ్నాలు రాక్ పిచ్చివాళ్ళంతా చేరతారు. ఎవరూ పట్టించుకోని రికార్డింగు ఒకటి పట్టుకొచ్చి వినిపించాలి. ఆపైన దానికోసం గొంతు చించుకుని పోట్లాడాలి. అదే అక్కడి ఆట. గిటారు తీగ తెగినా ఆపకుండా వాయించిన ఓ స్లోవేనియా ముసలాయన కచేరీ వినిపించి, దామిర్ ఇందాకే అందరిచేతా చీవాట్లు తిన్నాడు.

ఇప్పుడు వంతు లివియోది. త్రియెస్తెలో పాతసామాన్ల సంతకి వెళ్ళినప్పుడు, తుప్పు పట్టిన మేకుల డబ్బాలో దొరికింది ఆ కేసెట్టు. దానిమీద 'ఉప్పుగాలి' అన్న బ్యాండు పేరు తప్ప ఇంకేమీ లేదు. ఎనభైల మొదట్లో ఏదో కార్మికుల హాల్లో ఇచ్చిన కచేరీ అని పాటల మధ్య మాటల్ని బట్టి తెలుస్తుంది, అంతే. బూజు పట్టిన టేపుని కూర్చుని కూర్చుని శుభ్రం చేశాడు. పాటలన్నీ ఒక ఎత్తు, చివర్లో ఆ గాయకుడు పెట్టిన కేక ఒక్కటీ ఒక ఎత్తు. దాని గురించి ఇంటర్నెట్లో రాస్తే రాజధాని జాగ్రెబ్ నుంచి కూడా జనం వచ్చారు. వచ్చే నెల ఎల్పీ రికార్డుగా విడుదల చేస్తున్నాడు. దానికి పేరు కూడా 'కేక' అనే పెట్టాడు.

"ఇది మీ ఇల్లనుకున్నారా అమ్మా? ప్లగ్గు ఇటివ్వండి."

"ఇవ్వను."

"అసలెవరు మీరు?"

"ఆ పాడేవాడి అక్కని. నేవెంక అంటారు. గోడమీద మీ కాయితంలో వాళ్ళ బ్యాండు పేరు చూసి వచ్చాను."

"లివియో, నీ పంట పండిందిరా!" దామిర్ కౌంటరు మీద చరిచాడు.

లివియో కోపం ఒక్క క్షణం చల్లబడింది. "నిజంగానా? ఆయన పేరేంటి? ఎక్కడుంటారు? నేను వెతకని చోటు లేదు."

"రోమాన్. ఓడల కార్ఖానాలో వెల్డరుగా చేసేవాడు."

"వెల్డరా! అంత గొంతు పెట్టుకుని వెల్డింగు చేశాడా! మళ్ళీ ఎందుకు పాడలేదండీ?"

"పాడలేదు. ఆ రోజు తర్వాత ఇంక నోరే విప్పలేదు. ఎందుకంటే..."

"చెప్పానా!" లివియో జనం వైపు తిరిగాడు. "నేను రాసింది అదేగా! లోపలున్నదంతా ఆ ఒక్క కేకలో పోసేశాడు. ఆ తర్వాత పాడటానికి ఇంకేం మిగుల్తుంది?"

"నీకేం తెలుసని రాశావు?" ఆవిడ గొంతు లేచింది. "నువ్వు అక్కడున్నావా? అసలప్పటికి పుట్టావా?"

"చెవులున్నాయి నాకు!"

"ఆహా! చెవులున్నాయట!"

ఆ వెటకారంతో లివియోకి తిక్క రేగింది. వేలు చూపిస్తూ ఆవిడ మీదికి వెళ్ళాడు.

"నాకిప్పుడర్థమైంది. ఇంట్లో వాళ్ళకి నామోషీ అయ్యుంటుంది. జుట్టు కత్తిరించుకో, వెధవ గోల ఆపు, ఉద్యోగం చూసుకో అని రోజూ పోరి ఉంటారు. ఆయనలోని పాటగాణ్ణి చంపింది మీరే! ఇప్పుడు టేపు నోరు కూడా నొక్కుదామని వచ్చారు!"

నేవెంక మొహం పాలిపోయింది.

"వాడికి మొదటి గిటారు కొనిచ్చింది నేనురా," అంది.

"అయితే ఇంకా సిగ్గుపడాలి!"

"లివియో, వదిలెయ్. పెద్దావిడ," అన్నాడు దామిర్.

"నువ్వు నోర్ముయ్! ఇలాంటివాళ్ళ వల్లే మన సంగీతమంతా అటకలమీద కుళ్ళిపోయింది."

లివియో ఆవిడ చేతిలోంచి ప్లగ్గు లాక్కున్నాడు. గోడలో గుచ్చి, టేపు కొంచెం వెనక్కి తిప్పి, సౌండు ఇంకా పెంచాడు.

డ్రమ్ములు ఆగాయి. గిటారు కూడా ఆగింది. స్పీకర్ల లోంచి సన్నగా ఓ హోరు. దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచినందుకు లివియోకి ఎంతో గర్వం. గాయకుడు ఊపిరి తీసుకోవడం వినిపించింది. అంతలో వచ్చింది కేక. అందులో మాట లేదు, రాగం లేదు. గొంతు లోపలినుంచి తన్నుకొచ్చి, మనిషన్నవాడు పట్టలేనంత సేపు సాగి, ఏదో బరువైనది పడ్డ చప్పుడుతో తెగిపోయింది. అక్కడ మైకు స్టాండుని నేలకేసి కొట్టాడని లివియో రాశాడు. ఆ వెంటనే టేపులో హాలు హాలంతా చప్పట్లు, ఈలలు.

బార్‌లోనూ అందరూ లేచి చప్పట్లు కొట్టారు. జాగ్రెబ్ నుంచి వచ్చినాయన కళ్ళు తుడుచుకున్నాడు. లివియో రొప్పుతూ ఆవిడ వైపు తిరిగాడు.

"విన్నారా? దీన్నా మీరు దాచెయ్యమంటున్నది?"

నేవెంక చెవులు మూసుకోలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని, చప్పట్లు సద్దుమణిగేదాకా నిలబడింది.

"ఆ రోజు మేమూ ఇలాగే కొట్టాం," అంది. "మైకులో కరెంటు పారుతోందని ఎవరికీ తెలీదు."