హెరోనిమా మొగుడు

"మొగుణ్ణి చూపించు. లేదా మూట కట్టుకో," అన్నాడు కొత్వాలు దోన్ మెల్చోర్.

హెరోనిమా అద్దం ముందు కూర్చుని ఎడమ చెంపకు ఎర్రరంగు అద్దుకుంటోంది. కుడి చెంప ఇంకా పాలిపోయే ఉంది. బయట నాటకశాల పెరడు మధ్యాహ్నపు ఎండలో కిక్కిరిసిపోయింది. ఆడవాళ్లు కూర్చునే అటక మీద తాళంచెవుల గలగల మొదలైంది. తొలేదోలో ఆట ఆలస్యమైతే ఆడవాళ్లు ముందు తాళంచెవులు మోగిస్తారు. అప్పటికీ తెర తొలగకపోతే దోసకాయలు విసురుతారు.

"ఇప్పుడే కావాలా, అయ్యగారూ?"

"ఈ క్షణమే. రాజశాసనం నీకు తెలియనిది కాదు."

తెలియకేం! పెళ్లయిన స్త్రీ మాత్రమే రంగస్థలం ఎక్కాలి. ఆమె భర్త అదే మేళంలో ఆమె వెంట ఉండాలి. బ్రహ్మచారి రాజు వేషం వేయవచ్చు. పెళ్లాన్ని విడిచి తిరిగేవాడు ఋషి వేషం వేయవచ్చు. స్త్రీకి మాత్రం మొగుడు పక్కన లేనిదే చెలికత్తె వేషమైనా దక్కదు. ఆ శాసనం రాసిన పెద్దలెవరూ చెక్కబల్లల మీద ఒక్క అడుగైనా వేసి ఎరిగినవారు కారు.

హెరోనిమా ఆరో ఏట దేవదూత రెక్కలు కట్టుకుని రంగస్థలం ఎక్కింది. పన్నెండో ఏటికి ఆమె చిడతలు మోగితే కసాయివాళ్లు కత్తులు దుకాణంలోనే వదిలి వచ్చేవారు. ఇప్పుడు ఇరవై మూడు. ఆమెకు నాట్యం, నటన తప్ప మరో విద్య రాదు. నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

"ఎదుటి మేళం ఆవిడ చెప్పింది," అన్నాడు కొత్వాలు. "నీ మొగుడు సెవిల్యా రేవులో ఓడెక్కి సముద్రం దాటిపోయాడట."

"ఆవిడ నాది పెట్టుడు జుట్టని కూడా చెబుతుంది. లాగి చూస్తారా?"

కొత్వాలు నవ్వలేదు. "మొగుడు," అన్నాడు మళ్లీ.

అప్పుడే గది గుమ్మానికి వేలాడే తెర తొలగింది. ముందుగా ఒక మట్టి ముంత, దాని వెనక వెడల్పు టోపీ, నల్లటి గడ్డం, మోకాళ్లు దాటిన అంగీ లోపలికి వచ్చాయి.

"ఏమీ తినకుండా ఎగురుతావటే? కళ్లు తిరిగి పడితే ఎవరు మోస్తారు?" బొంగురు గొంతు గదిమింది. "శనగల పులుసు. చల్లారకముందే తాగు. శాలువా ఏది? చెమట మీద గాలి తగిలితే దగ్గు పట్టుకుంటుందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఏమండీ, కొత్వాలుగారు మీ కోసమే వచ్చారు."

టోపీ ఇటు తిరిగింది. "నా కోసమా? నేనేం దొంగిలించాను?"

"మేళం చిట్టాలో ఈమె మొగుడి పేరు తోరిబియో అని ఉంది. నువ్వేనా?"

"ఈ పిల్లను మోస్తున్నది నేనే. ఇంకెవరైనా మోస్తామంటే పిలవండి, వాళ్ల నడుము సంగతి చూద్దాం."

కొత్వాలు చేతిలోని అధికారపు బెత్తం తిప్పుతూ ఎగాదిగా చూశాడు. కళ్ల కింద ముడతలు. యాభై దాటిన మనిషి. "ఈడు కుదరలేదే!"

"ముసలి కుక్కే గట్టి కాపలా, అయ్యగారూ."

"సరే. ఈమె ఎక్కడ పుట్టిందో చెప్పు."

"తలావెరా దారిలో, బండిలో. జోరున వాన. కాళ్లు ముందొచ్చాయి. అందుకే అవి ఒకచోట నిలవవు."

"పక్కనే ఉన్నట్టు చెబుతున్నావే!"

"ఆ బండిలోనే ఉన్నాను మరి. వానలోకి దిగిపొమ్మంటారా?"

కొత్వాలుకు ఇంకా నమ్మకం కుదరలేదు. అద్దె మొగుళ్లను వెంటేసుకు తిరిగే మేళాలను అతడు చాలా చూశాడు. వాళ్లను పట్టే ఉపాయమూ అతడి దగ్గరుంది. పరాయివాడు పెళ్లాన్ని ముట్టుకుంటే అద్దె మొగుడు గోడ వంక చూస్తాడు. అసలు మొగుడి చేయి బాకు పిడి మీదికి పోతుంది. కస్తీలియా రాజ్యంలో పెళ్లికి అంతకు మించిన రుజువు ఏ చర్చిలోనూ దొరకదు.

అతడు వంగి హెరోనిమా చేయి అందుకున్నాడు. ఆమె చెవి దగ్గరికి మీసం చేర్చాడు.

"నీ చీలమండ చూసిన రోజు నాకు సంధ్యాప్రార్థన కూడా గుర్తుండదు, చిలకా..."

ముంత నేలను తాకి భళ్లున పగిలింది. శనగలు కొత్వాలు పట్టు మేజోళ్ల మీదికి చిమ్మాయి. మరుక్షణం అతడి వీపు గోడకు ఆనింది. మెడ మీది మడతల పట్టీ ఒక పిడికిట్లో నలుగుతోంది. రెండో పిడికిట్లో బాకు ఉంది.

"నా కళ్ల ముందే దీని చెయ్యి పట్టుకుంటావా, గాడిదా! దీనికి పాలపళ్లు ఊడినప్పటి నుంచి నీలాంటి నక్కలను తరుముతూనే ఉన్నాను. నీ బెత్తం, నీ కొలువు నీ ఇంట్లో చూపించుకో. ఇంకోసారి ముట్టుకున్నావంటే ఆ వేళ్లే తరిగి పులుసు కాచి నీ చేత తాగిస్తాను!"

హెరోనిమా లేచి బాకు ఉన్న చేతిని పట్టుకుంది. కొత్వాలు మీద చేయి చేసుకుంటే చెరసాలే.

దోన్ మెల్చోర్ మెల్లగా మెడ విడిపించుకున్నాడు. మేజోళ్ల మీది శనగలు దులుపుకున్నాడు. అతడి ముఖం పెళ్లివారింటి దీపంలా వెలిగిపోతోంది.

"ఇదీ మొగుడంటే! ఆట కానివ్వండి."

అతడు వెళ్లి రంగస్థలం పక్కన తన పీట మీద కూర్చున్నాడు. తాళంచెవుల మోతలోనూ అందరికీ వినబడేలా పక్కవాడితో అన్నాడు: "ఆ సంసారంలో మగవాడు ఉన్నాడయ్యా! నా కళ్లను ఎవడూ మోసం చేయలేడు."

తెర వెనక హెరోనిమా తడిగుడ్డతో ఆ నల్లటి గడ్డం జిగురు వదిలిస్తూ, నవ్వాపుకోలేక, "ఓడెక్కిపోయినవాడు నా కోసం ఏనాడూ ఇంత పౌరుషం చూపించలేదు, ఇక ఆ లాగు విప్పి పావడా కట్టుకో, అమ్మా!" అంది.