టక్‌మన్నాక

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒకటే: పాప వెనక సీట్లో ఉండగా కారు నడిరోడ్డు మీద ఆగిపోవడం.

అందుకే ట్యాంకు సగం నిండి ఉన్నా సరే, వంతెన ఎక్కేముందు పెట్రోలు బంకులో ఆగాల్సిందే.

వంతెన అవతల వాళ్లమ్మ ఇల్లు. పాపను అక్కడ దింపి ఆమె బట్టల కొట్టుకు పనికి వెళ్తుంది.

పంపు టక్‌మని ఆగింది.

"నిండిందమ్మా," అన్నాడు బంకాయన.

"ఇంకా పడుతుంది. పొయ్యండి."

ఆమె దిగి, రెండు చేతులతో కారును అటూ ఇటూ ఊపింది. లోపలున్న గాలి పైకి పోతే ఇంకో గుక్కెడు పడుతుందని ఆమె లెక్క. పాప ఉయ్యాలనుకుని కిలకిలా నవ్వింది.

బంకాయన ఇంకాస్త పోశాడు. మళ్లీ టక్‌మంది. ఆమె మళ్లీ ఊపింది.

వెనక నుంచి హారను మోగింది.

"పీపీ తాత!" అంది పాప.

ఎప్పుడు చూసినా వెనకే తగులుతాడు, పాత నీలం కారు పెద్దాయన. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా. మాటిమాటికీ వాచీ చూసుకోవడం. ఎప్పుడూ హారను కొట్టి ఊరుకునేవాడు, ఈసారి దిగి వచ్చాడు.

"టక్‌మన్నాక ఆపెయ్యాలి తల్లీ. నేనూ నీలాగే పీకదాకా పోయించి బండి పాడుచేసుకున్నాను."

"నా బండి, నా పెట్రోలు. మీకెందుకండీ?"

"పాప చాలని మూతి తిప్పుకుంటే ఇంకా కుక్కుతావా?"

"కుక్కుతాను!"

బంకాయన పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు.

"మీకంత తొందరైతే ఇంకో వరసలోకి వెళ్లండి," అంది ఆమె.

"తొందరే తల్లీ," అన్నాడు పెద్దాయన. వాచీ చూసుకుని, వెళ్లి కార్లో కూర్చున్నాడు.

ఆమె బయల్దేరేటప్పుడే ఇంజను దగ్గింది. లోపలంతా పెట్రోలు వాసన. కొన్నాళ్లుగా అంతే, పోసేటప్పుడు ఒలికిందేమోనని ఆమె పట్టించుకోలేదు.

వంతెన నడుమకి వచ్చేసరికి కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

తాళం తిప్పింది. గుర్రుమంది తప్ప ఇంజను అందుకోలేదు. లారీలు రాసుకుపోతున్నట్టే వెళ్తున్నాయి. భర్తకి ఫోను చేసింది.

"ఏమండీ, ఆగిపోయింది!"

"పెట్రోలు పోయించలేదా?"

"మూతిదాకా ఉందండీ! అయినా ఆగిపోయింది!"

"మెకానిక్కుని పంపిస్తున్నా. ఎవరొచ్చినా తలుపు మాత్రం తియ్యకు."

అంతలో వెనక నీలం కారు వచ్చి ఆగింది. దాని దీపాలు వెలిగి ఆరుతున్నాయి. పెద్దాయన వచ్చి అద్దం మీద తట్టాడు.

ఆమె తలుపులన్నీ బిగించేసింది.

ఆయన ఏదో అన్నాడు. 'వెనక' అన్న ఒక్క మాటే వినబడింది. తర్వాత తన కారు వెనక్కి నడిచి వెళ్లి, వంతెన గోడను ఆనుకుని నిలబడి, ఎర్ర గుడ్డ ఒకటి ఊపుతూ, వచ్చే లారీలను పక్కకి మళ్లించసాగాడు.

ఆమె అద్దంలో ఆయన్నే చూస్తోంది. వాచీ చూసుకున్నాడు. కాసేపటికి మళ్లీ చూసుకున్నాడు.

తన మనుషులెవరో రావాలని చూస్తున్నాడు అనుకుంది. పాపను ముందుకి లాక్కుని ఒళ్లో అదిమిపెట్టుకుంది.

మెకానిక్కు వచ్చేదాకా ఆయన కదల్లేదు. వచ్చాక పాపకి చెయ్యూపి, ఉరుకుల మీద కారెక్కి వెళ్లిపోయాడు.

ఆమె అప్పటికీ అద్దం దించలేదు.

షెడ్డులో మెకానిక్కు ఓ నల్ల డబ్బా విప్పి చూపించాడు.

"ఇందులో బొగ్గుంటుందమ్మా. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరి గాల్లో కలవకుండా ఇది పట్టి ఉంచి, ఇంజనుకి కొంచెం కొంచెంగా అందిస్తుంది. మీరు ఖాళీ లేకుండా పోయించేసరికి ఆవిరి వచ్చే దారిలో పెట్రోలే వచ్చి పడింది. బొగ్గంతా నానిపోయి, పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరైంది. టక్‌మన్నాక ఆపెయ్యమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు," అంది ఆమె, పాప జుట్టు సవరిస్తూ.

రెండు వారాలకి, బాగైన కారుతో మళ్లీ బంకుకి వెళ్లింది. పంపు టక్‌మంది.

"చాలు," అంది.

"ఇవాళ ఊపరా?" అన్నాడు బంకాయన.

"ఊపను."

వెనక హారను మోగలేదు.

"పీపీ తాత ఏడీ?" అంది పాప.

ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది. "నీలం కారాయన రావట్లేదా?"

"నాకూ అదే బెంగగా ఉందమ్మా. కిడ్నీలు రెండూ పోయాయి ఆయనకి. డయాలసిస్‌కి వెళ్తూ ఇక్కడ ఆగేవాడు. ఆ చొక్కా చేతుల కిందంతా సూదిపోట్లే. వేళకి వెళ్లకపోతే ఆస్పత్రిలో మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"ఇచ్చేశారా?"

"ఆమధ్య ఒకరోజు తిరిగొచ్చి, ఇదిగో, ఈ అరుగు మీద కూలబడ్డాడు. వంతు పోయిందన్నాడు. ఏమయ్యా అంత ఆలస్యం చేశావంటే, 'వంతెన మీద పిల్లతల్లి ఒక్కతే చిక్కుకుపోయింది, వదిలేసి ఎలా పోను' అన్నాడు. అంతే, మళ్లీ కనబడలేదు."

"ఇల్లెక్కడ?"

"తెలీదమ్మా. పేరు కూడా ఎప్పుడూ అడగలేదు."

పాత నీలం కారు, పొడుగు చేతుల చొక్కా, మాటిమాటికీ వాచీ చూసుకునే పెద్దాయన ఎవరైనా మీ వీధిలో ఉంటే, ఒకసారి తలుపు తట్టి ఎలా ఉన్నాడో చూడండి. పీపీ తాతని పాప అడుగుతోందని చెప్పండి.