నల్లనీళ్ళ మనిషి

ఆ ఏడు జిమ్మా కొండల్లో కాఫీకాయలు పండకముందే నల్లబడి రాలిపోయాయి.

జైనబా తోటలో ఒక్క చెట్టు మాత్రం పచ్చగా నిలిచింది.

తోటంతా నరికేసి మొక్కజొన్న వేసుకోమన్నారు ఊళ్ళోవాళ్ళు. మొగుడు పోయాక పిల్లల్ని ఆ కాఫీతోనే సాకిందావిడ. గొడ్డలి ఎత్తడానికి చెయ్యి రాలేదు.

అప్పుడొచ్చాడు సంచీ తగిలించుకున్న పరాయి మనిషి. ఆ ఒక్క చెట్టు సంగతి విన్నానని, చూసిపోతానని అన్నాడు.

గడప తొక్కినవాణ్ణి కాఫీ పోయకుండా పంపడం అక్కడ లేదు. జైనబా గింజలు వేయించి, దంచి, ఆచారం ప్రకారం మూడు వాయిలూ పోసింది. అతను తాగి, ఇంటిని దీవించి, తోటలోకి వెళ్ళాడు.

ఆవిడ వెళ్ళి చూసేసరికి, రోగం కాయలు పిసికిన నల్లనీళ్ళు పచ్చని చెట్టు మీద చల్లుతున్నాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అంది జైనబా.

పక్కింటి ముసలాయన అబ్బా బోరా క్షణంలో తేల్చేశాడు. "వీడిది చెడ్డకన్నమ్మా. నరదృష్టికి నాపరాయే పగులుతుంది, చెట్టెంత?"

అతను ఏదో చెప్పబోయాడు. వినేదెవరు? పోగైన ఊరివాళ్ళు తలా ఒక రాయి అందుకున్నారు. నుదురు చిట్లి, సంచీ పట్టుకుని వాగు దాటి పరుగెత్తాడు పాపం.

చెట్టుకి ఏమీ కాలేదు. సమయానికి తరిమాం గనక బతికిందని ఊరు మురిసిపోయింది. కాయలు పండాక ఒక రోజు కింది కొమ్మలు ఖాళీగా కనిపిస్తే, జైనబా కోతుల్ని తిట్టి ఊరుకుంది.

మిగతా చెట్లను నరకక తప్పలేదు. మొక్కజొన్నతో అర్ధాకలి ఏళ్ళు గడిచాయి.

ఆ తర్వాత సర్కారు నర్సరీ లారీ వచ్చింది, రోగం అంటని మొక్కలతో. నమ్మకం లేకపోయినా జైనబా నాటింది.

మూడేళ్ళు గడిచాక కొమ్మకొమ్మకీ ఎర్రటి కాయలు. ఒక్కటీ నల్లబడలేదు. జైనబా చెట్ల మధ్య కూలబడి హాయిగా ఏడ్చింది. గండం గడిచింది.

పంట చూడవచ్చిన నర్సరీ అమ్మాయి లెన్సాకి కాఫీ పోస్తూ, ఈ మొక్కలు పుట్టించిన చేతుల్ని ఒక్కసారి కళ్ళకద్దుకోవాలంది.

"మా గురువుగారు పెద్దమ్మా. నిరుడే పోయారు," అంది లెన్సా.

ఆయన పద్ధతి చెప్పింది. నిలబడ్డ చెట్టు దొరికితే దానిమీద రోగం నీళ్ళు చల్లేవారట. అప్పటికీ కాయ నల్లబడకపోతేనే దాని విత్తనం తెచ్చి నారు పోసేవారట.

జైనబా చెయ్యి ఆగిపోయింది.

"ఆయన నుదుటిమీద మచ్చ ఉండేదా?"

"ఉండేది. ఎలా తగిలిందో నవ్వుతూ చెప్పేవారు. కొట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఎత్తలేదు."

జైనబా తల దించుకుంది. మరి అన్ని ఊళ్ళుండగా మొదటి లారీ మా ఊరికే ఎందుకొచ్చిందని మెల్లగా అడిగింది.

"ఆయనే పంపమన్నారు పెద్దమ్మా. ఒక్క చెట్టు కోసం రాళ్ళెత్తినవాళ్ళు, ఇన్ని మొక్కల్ని చావనిస్తారా అన్నారు."