మూడు వేళ్ళ పాఠం

నలభయ్యో స్లైడు దగ్గర ముందు వరుసలోని అమ్మాయి ఆవులించింది. ఆవులింత అంటురోగం వంటిది. అది వరుస వెంట వరుసగా హాలు చివరిదాకా పాకి, తలుపు దగ్గర నిలబడ్డ ప్యూనును కూడా వదలలేదు.

శిక్షణాధికారి చూసీ చూడనట్టు కొనసాగించాడు. ఇనపరేకులు నొక్కి కోసే ప్రెస్సు షాపులో పాటించవలసిన భద్రత మీద ఆయనకు పెద్ద పట్టా ఉంది. ప్రెస్సును మాత్రం ఆయన ఎప్పుడూ అద్దం తలుపు ఇవతలినుంచే చూశాడు.

ఆయన దిగిపోయాక మూడువేళ్ళ మాస్టారు ఎక్కాడు. ఎడమచేతిని బల్ల మీద చాపి పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఆపైన నున్నటి చర్మం తప్ప ఏమీ లేదు.

"ప్రెస్సుకు జాలి ఉండదు. చేతికి అడ్డంగా జాలీ గార్డు దించకుండా మీట ముట్టుకోకండి," అన్నాడు.

అంతే పాఠం. హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేది.

బయటికి వెళుతూ అప్రెంటిస్‌లు ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. "గార్డెత్తి చెయ్యి పెట్టావంటే మాస్టారికి చుట్టమైపోతావురోయ్!"

మాస్టారు అంతకుముందు స్టోర్సులో బోల్టులు తూచి ఇచ్చేవాడు. ఆ రోజుల్లో ప్రెస్సు షాపులో ఏటా ఎవరో ఒకరి వేలు పోయేది. బోల్టులకు వచ్చిన అప్రెంటిస్‌లు ఆ చేతిని చూసి, తిరిగి వెళ్ళగానే తమంతట తామే గార్డులు దించుకోవడం పాత మేనేజరు కంటపడింది. మర్నాడే ఆయన్ను మాస్టారిని చేశాడు. ఆనాటినుంచి ఆ షాపులో ఒక్కరి గోరు కూడా చిట్లలేదు.

ఆ వేళ్ళు ఎలా పోయాయో మాత్రం బ్యాచికో కథ ఉండేది. పెద్ద ప్రెస్సు మింగిందని ఒక బ్యాచి, తోటివాణ్ణి కాపాడబోయి పోగొట్టుకున్నాడని ఇంకో బ్యాచి.

శిక్షణాధికారికి మొదట అసూయ కలిగింది. తన వంద స్లైడ్లు చేయలేని పని రెండు లేని వేళ్ళు చేయడమేమిటి? ఆ తర్వాత ఆలోచన కలిగింది. కేంద్ర కార్యాలయంలో ముఖ్య శిక్షణాధికారి కుర్చీ ఖాళీగా ఉంది. ఈ చేతి మీద సినిమా ఒకటి తీసి అన్ని శాఖలకూ పంపితే, ఆ కుర్చీ తనదే. మాస్టారిని పిలిపించాడు.

"అసలేం జరిగిందో చెప్పండి మాస్టారూ."

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు సార్. పిల్లలే ఏదో అనుకుంటారు."

"అబ్బ, ఏం వినయమండీ! సరే, కథ మేమే రాసుకుంటాం. మీరు భద్రతా దినోత్సవం సభలో వేదిక మీద చెయ్యి చూపిస్తే చాలు."

"సినిమాలెందుకు సార్? తరగతిలో చూపిస్తున్నాగా."

"అయితే మళ్ళీ స్టోర్సుకెళ్ళి బోల్టులు తూచుకోండి. పిల్లలకి నా స్లైడ్లు చాలు."

ఆ స్లైడ్ల ముందు పిల్లల కళ్ళు ఎలా మూతలు పడతాయో, అలా మూతపడ్డ కళ్ళతో ప్రెస్సు దగ్గరికి వెళితే ఏమవుతుందో మాస్టారికి తెలుసు.

"మీ ఇష్టం సార్. ఒక్క మాట. సభకి మా అమ్మని మాత్రం పిలవకండి. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది."

కళ్ళనీళ్ళు అన్న మాట దగ్గర అధికారి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

సినిమా తయారైంది. నెత్తురు మరీ ఎర్రగా ఉందని ఒక కమిటీ, చాలినంత లేదని మరో కమిటీ అభ్యంతరం చెప్పాయి. చివరికి రెండు కమిటీలనూ ఒప్పించే నెత్తురు దొరికింది. మాస్టారి పాత్రకు పది వేళ్ళూ ఉన్న అందమైన నటుణ్ణి పెట్టారు.

భద్రతా దినోత్సవానికి ఛైర్మన్ వచ్చాడు. అన్ని శాఖల పెద్దలూ వచ్చారు. అప్రెంటిస్‌లు హాలు నిండిపోయి గోడల వెంట నిలబడ్డారు. అధికారి గుట్టుచప్పుడు కాకుండా కంపెనీ కారు పంపి, మాస్టారి తల్లిని తెప్పించి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. వేదిక మీదినుంచి ఆవిడను చూసిన మాస్టారి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

తెర మీద ప్రెస్సు దిగింది. నటుడు కేక పెట్టాడు.

"అయ్యో పాపం, ఎవరమ్మా ఆ కుర్రాడు? ఏ తల్లి కన్నబిడ్డో!" అంటూ ముసలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చూశారా సార్, తల్లి మనసు," అన్నాడు అధికారి, ఛైర్మన్ చెవి దగ్గర. "తన బిడ్డేనని ఒప్పుకోలేకపోతోంది."

ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అధికారికి కుర్చీ కనుచూపు మేరలోకి వచ్చింది. మైకు పుచ్చుకుని వేదిక దిగబోయాడు.

మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మీకు దణ్ణం పెడతాను. అమ్మకి సరిగ్గా వినపడదు. వదిలేయండి."

"దానికేం, గట్టిగానే అడుగుతాను."

గట్టిగానే అడిగాడు. గోడ పక్కన నిలబడ్డ చివరి అప్రెంటిస్‌కు కూడా వినిపించింది.

"అమ్మా! మీ అబ్బాయి చెయ్యి అలా చూసిన ఆ క్షణంలో మీకేమనిపించింది? అందరికీ వినపడేలా చెప్పండి!"

"ఏమనిపిస్తుంది నాయనా," అంది ఆవిడ మైకును రెండు చేతులా పట్టుకుని, "మంత్రసాని వాణ్ణి పొత్తిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టగానే చెయ్యి విప్పి లెక్కపెట్టుకున్నాను, వేళ్ళు మూడే ఉన్నాయి."